ఆ ఎరుపు నమ్మకు కన్నా

కన్నా,

మే నెలాఖర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండలకు వెళ్ళి, నూరేళ్ళ కిందటి అమెరికా చిత్రకారుడు విన్‌స్లో హోమర్ నీటిరంగులు వేసిన చెరువుల దగ్గరే పది రోజులు కూర్చుని బొమ్మలు వేస్తావట. రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషంతో, బెంగతో నాకు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత కుంచె పట్టింది నువ్వొక్కడివే. ఈత రానిదీ నీకొక్కడికే. పడవలో నిలబడి బొమ్మ వేశావని తెలిస్తే ఊరుకోను. లైఫ్ జాకెట్ వేసుకుని ఫొటో పంపు, మిగతా కబుర్లు ఆ తర్వాతే. ఆ రోజుల్లో అక్కడ నల్ల ఈగలు పీక్కుతింటాయి, నిండు చేతుల చొక్కాలు పెట్టుకో.

కాగితం దళసరిది, నూలుది కొను. కుంచెలు మూడు చాలు.

వెళ్ళేముందు మీ బోస్టన్ మ్యూజియంలో హోమర్ 1892లో వేసిన ‘నీలి పడవ’ చూడు. నీటిరంగులు వెలుతురుకు ఓర్వవని ఎక్కువ కాలం చీకట్లోనే ఉంచుతారు, ముందుగా రాసి అడుగు. హోమర్ ఆ కొండల్లోని నార్త్ వుడ్స్ క్లబ్బు అనే వేటగాళ్ళ సంఘంలో సభ్యుడు. అక్కడికొచ్చే పట్నం వాళ్ళకు వేటా గాలమూ సరదా. ఆయన కన్ను మాత్రం దారి చూపే గైడ్ల మీద, అడవిలో బతికేవాళ్ళ మీద నిలిచింది. కుక్కలు తరిమితే చెరువులో దూకిన జింకను పడవ మీంచి పట్టే వేటనూ ఆయన దాచలేదు. నువ్వూ తెడ్డు వేసేవాడి భుజాలు చూడు.

గాలపు దారాన్ని తెల్లరంగుతో గీయకు. ఆయన చాకు మొనతో గీకేవాడు. రంగు పూర్తిగా ఆరాక ఒక్క విసురులో గీకితే అడుగునున్న కాగితమే దారమై మెరుస్తుంది. కాస్త తడి ఉన్నా నూగు లేస్తుంది. ఇది ముందే ఇంట్లో పదిసార్లు చేసి చూసుకో.

ఇక అసలు మాట, ఎరుపు గురించి.

మీ అమ్మ పెళ్ళికి నేనిచ్చిన బొమ్మ నీకు తెలుసు. మీ తాతయ్య ఆకివీడు దగ్గర కొల్లేటి గట్టున గాలం వేసి కూర్చున్నది. నీకు తెలిసింది తెల్లటి ఆకాశమే. నేను వేసింది సాయంకాలం రా! నీళ్ళ మీదా ఎరుపే, నాన్న చెవి అంచునా ఎరుపే. డబ్బు చాలక ‘క్రిమ్సన్ లేక్’ అనే చవక ట్యూబు కొన్నాను. మీ హాల్లో పడమటి కిటికీకి ఎదురుగా నా చేత్తోనే మేకు కొట్టి తగిలించాను. ఎనిమిదేళ్ళకు చూస్తే నాన్న వీపు ఉంది, గాలం కర్ర ఉంది, సాయంకాలం లేదు. అప్పటికి నాన్నా లేడు. మళ్ళీ వేద్దామని కూర్చున్నాను, చెయ్యి రాలేదు. ఆకాశం వెలిసిపోతోందని మీ అమ్మ ఒక్కనాడూ నాతో అనలేదు, నేను బాధపడతానని.

హోమర్‌కీ ఇదే జరిగింది. 1887లో వేసిన ఒక పొలం బొమ్మలో ఆకాశం ఇప్పుడు దాదాపు తెల్లగా ఉంటుంది. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మిగిలిన రంగు రేణువులు పరీక్షిస్తే, అక్కడ ఒకప్పుడు ఎర్రని సూర్యాస్తమయం ఉండేదని తేలింది. ఏ రంగు ఎండకు ఆగదో ఇంగ్లండులో రసెల్, ఆబ్నీ అనే శాస్త్రవేత్తలు 1888లోనే పరీక్షించి రాశారు. నాకు చెప్పినవాళ్ళు లేరు. నీకు నేనున్నాను.

ట్యూబు మీద పెద్దక్షరాల పేరు నమ్మకు, వెనక చిన్నక్షరాలు చదువు. లోపలున్న అసలు రంగు గుర్తు అక్కడుంటుంది. పీఆర్ 83 అని ఉంటే అది అలిజరిన్, వెలిసిపోయే ఎరుపు, కొట్లోనే వదిలెయ్. బదులు పీవీ 19, అంటే ఎండకు ఆగే క్వినాక్రిడోన్ తీసుకో. కొత్త రంగు ఏదైనా ఒక కాగితం చీలిక మీద పూసి, సగం నల్లకాగితంతో కప్పి కిటికీకి అంటించు. రెండు నెలల టైముంది, ఇవాళే మొదలుపెట్టు. ఖరీదెక్కువైతే నాకు చెప్పు, నా పెన్షన్ ఇంకెందుకు?

సంక్రాంతికి వచ్చినప్పుడు తాతయ్య బొమ్మ ఫ్రేము విప్పుదాం. అట్ట కింద అంచున వేలెడు మేర వెలుతురు తగలలేదు. ఆ ఎరుపు ఎలా ఉండేదో నీకు చూపించాలి.

మీ పెద్దమ్మ