ఆ సిస్టర్‌కు కవరు కాదు, ఉత్తరం ఇవ్వండి

ప్రశ్న: మా అమ్మకు తుంటి ఎముక విరిగితే హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. మర్నాడు రాత్రి అమ్మ దుప్పటి లాగేస్తూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే, వయసు మీద పడింది కదా అనుకున్నాం. డ్యూటీలో ఉన్న సిస్టర్ మాత్రం చేతి గడియారం చూస్తూ అమ్మ ఊపిరి లెక్కపెట్టి, వెంటనే డాక్టరును పిలిపించారు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ మొదలైందని తేలింది. అమ్మ ఇప్పుడు కోలుకుంటోంది. కవరులో డబ్బు పెట్టి ఇవ్వబోతే ఆ సిస్టర్ తీసుకోలేదు. ఆమె రుణం ఎలా తీర్చుకోవాలి? ఇదంతా చూసిన మా అమ్మాయి నర్సింగ్ చదువుతానంటోంది. ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మా ఆవిడ ససేమిరా అంటోంది. – ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: కవరు తీసుకోకపోవడమే మంచిదైంది. తీసుకుని ఉంటే ఆమె ఉద్యోగానికే ముప్పు వచ్చేది. నర్సింగ్ సూపరింటెండెంట్ పేరున ఒక ఉత్తరం రాసి, నకలు మెడికల్ సూపరింటెండెంట్‌కు ఇవ్వండి. అందులో ‘దేవతలా ఆదుకున్నారు’ అని మాత్రం రాయకండి. దేవతలకు జీతం పెంచే పని ఎవరికీ ఉండదు! తేదీ, వార్డు, షిఫ్టు, ఆమె ఏం గమనించారు, ఏం చేశారు అన్నవి రాయండి.

ఆమె చేసింది చిన్న పని కాదు. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. ఒంట్లో ఏదైనా తేడా వస్తే, బీపీ పడిపోవడానికి చాలా ముందే ఈ లెక్క పెరగవచ్చు. అయినా కేస్ షీటులో అందరికీ 18 అనో 20 అనో వేసేసి పోవడం చాలాచోట్ల కనిపించేదే. నిమిషం నిలబడి రొమ్ము ఎగసిపడటాన్ని లెక్కపెట్టాలంటే ఓపిక ఒక్కటే చాలదు. వృద్ధుల్లో ఉన్నట్టుండి వచ్చే తికమక ఇన్ఫెక్షన్‌కు తొలి గుర్తు కావచ్చన్న చదువు ఉండాలి. అర్ధరాత్రి డాక్టరును నిద్రలేపే తెగువా కావాలి.

కేంద్ర ప్రభుత్వం 1973లో నెలకొల్పిన జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారాన్ని నర్సులకు రాష్ట్రపతి అందజేస్తారు. మీ ఒక్క ఉత్తరంతో అది రాదు. కానీ పై అధికారులు ఎవరినైనా మెచ్చుకోవాలన్నా, పదోన్నతికి సిఫారసు చేయాలన్నా చేతిలో కాగితం ఉండాలి కదా.

ఇక అమ్మాయి సంగతి. ఆమెకు నచ్చింది సిస్టర్ మంచితనమా, ఆ లెక్కపెట్టడమా? అడిగి చూడండి. మొదటిదే అయితే కొంచెం ఆగమంటాను. రెండోదైతే నిశ్చింతగా బీఎస్సీ నర్సింగ్‌లో చేర్పించండి. నాలుగేళ్ల కోర్సు. తెలంగాణలో సీట్ల కౌన్సెలింగ్‌ను కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టక ముందే చూడండి. విద్యార్థులను శిక్షణకు ఏ ఆసుపత్రికి పంపుతారో కూడా అడగండి. రోగులు లేని ఆసుపత్రిలో నేర్చుకునేది మంచాల మీద దుప్పట్లు సర్దడమే.

మీ ఆవిడ భయాల్లో నిజం లేకపోలేదు. రాత్రి డ్యూటీలు తప్పవు. ప్రైవేటులో మొదటి జీతాలు చేసే పనికి తగ్గట్టు ఉండవు, ఇందులో దాపరికం ఎందుకు? కానీ దారి అక్కడితో ఆగదు. ఎయిమ్స్ సంస్థల్లో నర్సింగ్ ఆఫీసర్ల నియామకానికి నార్సెట్ పరీక్ష ఉంది. మూలవేతనం 44,900 రూపాయలు, పైన అలవెన్సులు. మన పక్కనే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. జర్మనీ వెళ్లాలనుకునే నర్సులకు భాష నేర్పించి పంపే పని రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ చేస్తోంది. ఏజెంట్ల చేతిలో లక్షలు పోయకుండా అక్కడ అడగండి.

డాక్టరు సీటు రాకపోతే నర్సింగ్ అన్న లెక్క మాత్రం ఇంట్లో వద్దు. ఆ మాట వింటూ చేరిన పిల్లలు మొదటి ఏడాదంతా నీట్ పుస్తకాలు దిండు కింద పెట్టుకుని చదువుతారు, రెండూ చెడతాయి. అమ్మాయికి నీట్ రాయాలని ఉంటే ముందు దాన్నే రాయనివ్వండి. లేదంటే, ఆ సిస్టర్ సరేనంటే, ఆమె సెలవు రోజున అమ్మాయినీ, మీ ఆవిడనూ ఇద్దరినీ తీసుకెళ్లి మాట్లాడించండి. రాత్రి డ్యూటీ గురించి మీ ఆవిడకు నాకన్నా ఆమే బాగా చెప్పగలరు.