నలభై ఒకటో రోజు పొద్దుగాల

దేవరకొండ

ప్రియమైన బిడ్డకు, పెద్దమ్మ ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాసేది.

వచ్చే సోమవారం నుంచి 40 రోజుల ఉపవాస ప్రార్థన పట్టుకుంటున్నవని మీ అమ్మ రాత్రి ఫోన్ల చెప్పింది. మీ అత్తమ్మ బ్లడ్ గ్రూపు కిడ్నీలు పాడైన అల్లునికి కలవదని, నీకు షుగర్ ఉంది కాబట్టి నీ కిడ్నీ తీసుకోలేమని డాక్టర్లు చెప్పినంక ఇంట్ల ఎవ్వరు నోరు తెరవలేదట. నువ్వొక్కదానివే "దేవుడైతే ఇంక కాదనలేదు గదా" అన్నవట. ఆ మాట విన్నంక నాకు సంతోషమైంది, వెంటనే గుబులు గూడ మొదలైంది. సండే స్కూల్ల 23వ కీర్తన సగంల మరిచిపోయి, పిల్లలందరు నవ్వుతున్నా మళ్ల మొదటి వచనం నుంచి ఎత్తుకొని ఆఖరిదాక చెప్పినంకనే కూసున్న ఆరేండ్ల పిల్లవు నువ్వు. ఆ పట్టుదల ఇప్పుడు అక్కరకొస్తది. నాకు భయం గూడ దానితోటే.

టైము, చోటు, ఏ రోజు ఏ అధ్యాయం అన్నవి నీకు తెలిసినవే, వాటి గురించి రాయను. ముందుగాల నీ కడుపు సంగతి.

పొద్దునుంచి సాయంత్రం దాక మంచినీళ్ల మీద ఉంటనన్నవట. వద్దు బిడ్డా. నీ షుగర్ గోలిల గ్లిమిపిరైడ్ ఉంది. అది కడుపుల అన్నం ఉన్నా లేకున్నా ఇన్సులిన్‌ను బయటికి తోస్తది. తిండి లేకుంట అది వేసుకుంటే షుగర్ పడిపోతది: చెమటలు, చేతులు వణుకుడు, గుండె దడ, మాట తడబడుడు. మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఆ వణుకు వస్తే ఆత్మ తాకిందని అనుకునేటోళ్లు ఉన్నరు. నువ్వు అట్ల అనుకోవద్దు, లేచి మిషన్ మీద చూసుకో. 70 కంటే తక్కువ ఉంటే అర గిలాస నీళ్లల్ల మూడు చెంచాల చక్కెర కలుపుకొని తాగు, పావుగంట ఆగి మళ్ల చూడు. ఉపవాసం చెడిందని ఏడ్వకు. గోలి బంద్ చేసి ఉపవాసం ఉంటనంటే అది ఇంకొక తప్పు. గోలి డోసు మార్చేది డాక్టరు, మనం కాదు.

దానియేలు పదో అధ్యాయం తీసి చూడు. ఆయన మూడు వారాలు అన్నం మానలేదు. రుచిగల తిండి, మాంసం, ద్రాక్షారసం మానిండు. నువ్వు గూడ అట్లనే చెయ్యి. కూర మాంసం, తీపి, నూనెల కాల్చినవి, చాయ వదిలిపెట్టు. మూడు పూటలా టైముకు జొన్న రొట్టె, ఆకుకూర, పప్పు, పెరుగు తిను. చాయ వదిలినందుకు మొదటి మూడు రోజులు తలనొస్తది, తర్వాత పోతది. ఇది చిన్న ఉపవాసమేమో అని నీకు అనిపిస్తది. కాదు. ఆయనకు జవాబు తెచ్చిన దూత చెప్పిన మాట చదువు: మొదటి రోజే నీ ప్రార్థన విన్నరు, నేను 21 రోజులు దారిల ఆగిపోయిన అన్నడు. రొట్టె తిన్నడని ఆయన మాట పైకి పోకుండ ఆగలేదు.

ప్రార్థన ఎట్ల చెయ్యాల్నో నీకు నేర్పేటంత దాన్ని కాను, ఒక్క మాట చెప్త. అందమైన మాటల కోసం వెతుక్కోకు. 13వ కీర్తన ఆరు వచనాలే, అండ్ల మొదటి రెండు వచనాల్లనే నాలుగుసార్లు "ఎంతకాలం" అని అడుగుతడు దావీదు. 88వ కీర్తనైతే చీకట్లనే ముగుస్తది, వెలుగు మాట ఒక్కటి గూడ లేకుండ. అదీ బైబిలులనే ఉంది. యోహాను సువార్త 11వ అధ్యాయంల లాజరు చచ్చిపోయి నాలుగు రోజులైనంక మార్త ప్రభువు దగ్గరికి వచ్చి "నువ్వు ఇక్కడ ఉంటే నా తమ్ముడు చావకపోవు" అన్నది, మరియ గూడ అదే మాట అన్నది. ప్రభువు ఇద్దర్ల ఎవ్వర్నీ గద్దించలేదు, ఆయన గూడ కన్నీళ్లు పెట్టుకున్నడు. లాజరుకు బాగలేదన్న కబురు అందినంక ఆయన ఉన్నచోటనే ఇంకా రెండు రోజులు ఆగిండన్న మాట గూడ ఆ అధ్యాయంలనే ఉంది. ఎందుకు ఆగిండని నువ్వు అడగొచ్చు. అడుగు. కోపం వస్తే కోపంతోటే అడుగు, ఆయన దగ్గరనే అడుగు.

ఇగ అల్లుని సంగతి. నువ్వు ఉపవాసం ఉంటే తోడుగ నేనూ ఉంట అంటడు, మంచి పిల్లగాడు. ఒప్పుకోకు. వారానికి మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటలు మిషన్ మీద రక్తం కడిగించుకునేటోడు పస్తుండి గెలిచేది ఏమీ లేదు. ప్రోటీన్ తగ్గితే కండ కరిగిపోతది, తెల్లారి మిషన్ మీద బీపీ పడిపోతది.

మన కూటాల్ల ఉపవాసం విప్పేటప్పుడు కొబ్బరినీళ్లు, బత్తాయి రసం, ఖర్జూరాలు, అరటిపండ్లు పంచుతరు. ప్రేమతోనే ఇస్తరు, అల్లునికి మాత్రం అవి విషమే. అన్నిట్ల పొటాషియం ఎక్కువ. కిడ్నీ పనిచెయ్యని ఒంట్ల అది బయటికి పోయే తొవ్వ లేక గుండెను ఆపుతది. ఎవరన్న చేతుల పెడితే తీసుకొని పక్కనున్న పిల్లలకు ఇమ్మను. బల్ల ఆరాధనల ద్రాక్షరసం ఒక్క గుక్కతోటి ఏమీ కాదు, కప్పు మళ్ల నింపుకోవద్దు. ప్రార్థన చేసి ఇచ్చిన నీళ్ల సీసా ఇంటికి తెస్తరు చూడు, ఆ నీళ్లు గూడ నీళ్లే. డాక్టరు రోజుకు ఎన్ని ఎమ్మెల్ చెప్పిండో ఆ లెక్కల పడాలె. పొద్దుగాల ఒక సీసాల ఆ రోజు కొలత పోసిపెట్టు, అభిషేకం నీళ్లు తాగితే అంత దాంట్ల నుంచి తీసెయ్యి. నూనె నుదుటికి రాయొచ్చు, ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి మాత్రం ఎవ్వర్నీ రాయనియ్యకు, పిసకనియ్యకు. చెయ్యేసి ప్రార్థన చేసేటోళ్లు ఆవేశంల ఆ చెయ్యే గట్టిగ పట్టుకుంటరు. ఇంకో దిక్కు నిలబడమని ముందే చెప్పు, మొహమాటపడకు.

నువ్వు మాత్రం రోజూ పొద్దుగాల ప్రార్థనల ఆ ఫిస్టులా మీద మెల్లగ వేళ్లు ఆనించు. లోపల పిల్లి గురగురలాడినట్టు సన్నగ ఒక అదురు తెలుస్తది. అది ఉన్నంతవరకు నాళం తెరుచుకొని ఉన్నట్టు. ఏ రోజన్న ఆ అదురు తెలవకపోతే ఆమెన్ దాక గూడ ఆగకు, అప్పుడే డయాలసిస్ సెంటర్‌కు ఫోన్ చేసి తీసుకపో.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం రాసేటందుకు అసలు కారణం. నాకు నీ 40 రోజుల మీద భయం లేదు. 40వ రాత్రి మీద ఉంది.

మొదటి సమూయేలు 13వ అధ్యాయం నెమ్మదిగ చదువు. సౌలు రాజుకు సమూయేలు ప్రవక్త, తను వచ్చేదాక ఏడు రోజులు ఆగుమని చెప్పిండు. సౌలు ఆగిండు. మొదటి రోజు ఆగిండు, మూడో రోజు ఆగిండు, ఏడో రోజు గూడ ఆగిండు. మిక్మషు అనేచోట శత్రువులు ఫిలిష్తీయులు దిగిండ్రు, మూడు వేల మందిని ఏర్పరచుకున్నోని దగ్గర ఆఖరికి మిగిలింది ఆరు వందలు. సమూయేలు రాలేదు. అప్పుడు తనే దహనబలి అర్పించిండు. బలి అయిపోయిందో లేదో సమూయేలు వచ్చిండు. ఒక్క పూట. ఆ ఒక్క పూట ఆగలేక రాజ్యం పోగొట్టుకున్నడు.

అందరు ఇది తొందరపాటు అంటరు. నన్నడిగితే దాని కంటే లోతు ఉంది, అందుకే ఇంత రాస్తున్న. సౌలు ఆ రోజు తాగి పడుకోలేదు, విగ్రహానికి మొక్కలేదు. బలి అర్పించిండు. భక్తిపనే చేసిండు. ఆయన తప్పు బలిపీఠం దగ్గరనే జరిగింది, అందుకే తప్పని ఆయనకే తెలవలేదు. సమూయేలు అడిగితే ఏం చెప్పిండు? జనం చెదిరిపోతున్నరు, నువ్వు చెప్పిన రోజుకు రాలేదు, శత్రువులు కూడుకున్నరు అన్నడు. మూడూ నిజాలే. ఆయన కండ్లు ఆ మూడింటినే లెక్కపెడుతున్నయి: పోయినోళ్లు ఎందరు, అయిన రోజులు ఎన్ని, వచ్చిన శత్రువులు ఎందరు. లెక్క పూర్తయ్యేసరికి గడువు దేవునిది కాకుండ పోయింది, సౌలుది అయింది.

మనదిక్కు ఉపవాస కూటాల ఆఖరు రాత్రి ఇదే జరుగుతది. 38, 39 రోజులు మంచిగనే గడుస్తయి. 40వ రోజు జవాబు కనబడకపోతే, ఇంకేదో ఒకటి చేసి విశ్వాసం చూపించాల్నని లోపల మంట లేస్తది. ఎవరో ఒక పెద్దమనిషి అంటడు, "మిషన్ మీద నమ్మకం పెట్టుకున్నవు, అందుకే ఆగింది, రేపటిది వదిలిపెట్టు" అని. ఇంకొకరు మందుల డబ్బా బలిపీఠం మీద పెట్టుమంటరు. వేరే ఊరి నుంచి వచ్చినాయన కానుక విత్తనంలెక్క నాటు, లక్ష రూపాయలు పెడితే పంట వస్తదంటడు. వినేటందుకు అన్నీ భక్తి లెక్కనే ఉంటయి. డయాలసిస్ ఒకటి వదిలితే ఏమైతదో నీకు తెలుసు: నీరు ఊపిరితిత్తుల్లకు ఎక్కి పండుకుంటే దమ్ము ఆడదు, పొటాషియం పెరిగి గుండె కొట్టుకునేది తప్పుతది. అర్ధరాత్రి ఆటో దొరకదు.

ఎవరన్న అట్ల అంటే చావు రోగం వచ్చిన హిజ్కియా రాజు సంగతి చెప్పు. ఆయన గోడ దిక్కు తిరిగి ఏడ్చిండు, దేవుడు 15 ఏండ్లు ఆయుష్షు పెంచిండు. మాట ఇచ్చినంక గూడ యెషయా ప్రవక్త అంజూరపు ముద్ద తెప్పించి పుండు మీద కట్టించిండు. రెండవ రాజులు 20వ అధ్యాయం. జవాబు వచ్చినంక వేసిన మందు అది. ఇది చెప్పినా వినకపోతే నా నంబరు ఇయ్యి, నేను మాట్లాడుత. మీద పడి కొట్లాడుత గూడ.

అబ్రాహాము కథల గూడ ఈ మడత ఉంది. 75 ఏండ్లప్పుడు సంతానమిస్తనని మాట దొరికింది, 86 ఏండ్లకు, ఆగలేక, దాసి హాగరు కన్న కొడుకును ఎత్తుకున్నడు, 100 ఏండ్లకు ఇస్సాకు పుట్టిండు. నడుమ ఆమె, ఆ పిల్లగాడు పడ్డ కష్టం చూడు. మన తొందరకు ఎప్పుడు గూడ ఇంకెవరో కూలి కడతరు. ఇక్కడ కట్టేది అల్లుడు.

ఏలీయా ఒక్కసారి ప్రార్థన చేస్తే ఆకాశం నుంచి అగ్ని దిగింది. అదే రోజు, అదే కర్మెలు కొండ మీద, వాన కోసం మోకాళ్ల నడుమ తల పెట్టుకొని, పనివాణ్ణి ఏడుసార్లు సముద్రం దిక్కు పంపాల్సి వచ్చింది. ఆరుసార్లు ఏమీ లేదనే వచ్చి చెప్పిండు, ఏడోసారి చిన్న మబ్బు కనబడ్డదన్నడు. నీ నోట్‌బుక్కుల రోజూ రెండు వరుసలు పెట్టు: ఒకదిక్కు ఏం అడిగినవో, ఇంకోదిక్కు ఆ రోజు ఏం కనబడ్డదో. కనబడనినాడు "ఏమీ లేదు" అనే రాయి. అబద్ధం సాక్ష్యం రాయకు. మబ్బు వచ్చినంక, ఆరుసార్లు ఏమీ లేదని రాసింది నువ్వే అని గుర్తుకుండాలె.

చేతులకు గూడ పని ఉంది. అత్తమ్మ గ్రూపు కలవకపోతే అక్కడితో అయిపోలేదు. అవయవ మార్పిడి చట్టానికి 2011ల చేసిన సవరణతోటి స్వాప్ అని ఒక తొవ్వ ఉంది: మీలెక్కనే గ్రూపు కలవని ఇంకో కుటుంబం ఉంటే, అత్తమ్మ కిడ్నీ వాళ్ల మనిషికి, వాళ్ల కిడ్నీ అల్లునికి. రెండు ఆపరేషన్లు ఒక్కటేసారి చేస్తరు, అనుమతి కమిటీ ముందట రెండు కుటుంబాలు నిలబడాలె. కిడ్నీ మార్చే ఆస్పత్రిల ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ అని ఒకరుంటరు, వాళ్లను ఇదే మాట పెట్టి అడుగు. జీవన్‌దాన్‌ల (చనిపోయినోళ్ల అవయవాలు అక్కరున్నోళ్లకు ఇప్పించే సర్కారు పథకం) పేరు ఎక్కిచ్చిండ్రా? అది గూడ ఆ ఆస్పత్రి నుంచే ఎక్కాలె, ఇంట్ల కూసుంటే ఎక్కదు. పేరెక్కినంక ఫోను రాత్రి గూడ బంద్ పెట్టొద్దు. ఉపవాస గదిల ఫోను వద్దంటరు, నీది మాత్రం మోగేటట్టు ఉంచు. బంగారం మొక్కుకున్నవని విన్న. దేవుని పేరున దాచిపెట్టు, అమ్మి ఎవ్వరికీ ఇయ్యకు. కిడ్నీ దొరికినంక దాన్ని కాపాడే మందులు బతికినన్నాళ్లు రోజూ వేసుకోవాలె, ఆ ఖర్చుకు అక్కరకొస్తది.

జవాబు మనం అడిగినట్టు రాకపోవచ్చు గూడ. పౌలు తన ఒంట్ల ముల్లు లాంటి బాధ పోవాల్నని మూడుసార్లు అడిగిండు, ముల్లు పోలేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనె తోటల దేవుని కొడుకే మూడుసార్లు అడిగిండు. ఇది రాసేటందుకు నా చెయ్యి ఆడుతలేదు, రాయకపోతే నిన్ను మోసం చేసినట్టు. అట్లయిననాడు ఎవరి పాపం, ఏ పొరపాటు అని ఇంట్ల వెతకనియ్యకు. పుట్టుగుడ్డివాని దగ్గర శిష్యులు అడిగిన ప్రశ్ననే అది, ప్రభువు దాన్ని అక్కడనే తోసేసిండు.

మన పాత బైబిలుల దేవుని కోసం ఎదురుచూసుడు అనే చోట "కనిపెట్టుకొని యుండుము" అని ఉంటది. మన ఇండ్లల్ల కనిపెట్టుకొని ఉండుడు అంటే జ్వరమొచ్చినోని మంచం పక్కన రాత్రంత కూసొని దమ్ము చూసుకునుడే. రెండేండ్ల నుంచి నువ్వు అల్లుని దగ్గర చేస్తున్నది అదే. దేవుని దగ్గర ఎట్ల ఉండాల్నో నీకు కొత్తగ నేర్పేది లేదు.

లెక్క చూసిన, 41వ రోజు శనివారం. అల్లునికి ఆ పొద్దుగాల డయాలసిస్ ఉంది. సాక్ష్య కూటం అని ఎవ్వరికీ ఆ రోజు మాట ఇయ్యకు. నేను శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కి వస్త, రాత్రి నీ దగ్గరనే పండుకుంట. జొన్నపిండి తెస్త, ఖర్జూరాలు తేను. పొద్దుగాల నీకు రొట్టె చేసి, గోలి ఇచ్చి, ముగ్గురం కలిసి సెంటర్‌కు పోదాం. పనివాడు ఏడోసారి సముద్రం దిక్కు పోయినట్టే అనుకో. అత్తమ్మకు గూడ చెప్పు, ఆమె గ్రూపు రిపోర్టు ఫైలుల పైననే పెట్టుమను, వచ్చేటప్పుడు కోఆర్డినేటర్‌ను అడుగుదాం.

మీ పెద్దమ్మ