బ్రేయర్ గుర్రం కాలు సరిచేసినా మళ్ళీ వంగుతుంటే

అమెరికా కంపెనీ బ్రేయర్ చేసే ప్లాస్టిక్ గుర్రం బొమ్మ కాలు సరిచేసినా మళ్ళీ వంగుతోందని, దాన్ని పడమటి కిటికీ పక్కన అద్దాల బీరువాలో ఉంచామని కావలి నుంచి అడిగారు. కాలు లోపలి దాకా చల్లారకముందే చెయ్యి తీసేసి ఉంటారు. వేడినీళ్లలో ముంచి నిలబెట్టిన గుర్రం రెండు రోజులకే మళ్ళీ ముందుకు వాలిందంటే ఎక్కువగా ఇదే కారణం. పెద్ద సైజు బ్రేయర్ బొమ్మలు సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి, వేడికి మెత్తబడతాయి. కావలిలో రోహిణి కార్తె ఎండకు, అందులోనూ మీరు చెప్పిన పడమటి కిటికీ పక్కన అద్దాల బీరువాలో ఇక చెప్పనక్కర లేదు.

1. నీళ్లు పొగలు రావాలి, మరగకూడదు. వంగిన కాలు మాత్రమే ఒకటి రెండు నిమిషాలు ముంచండి. మీరు సొంతంగా రంగు వేసిన చోట తడి తగలనివ్వకండి.

2. మెల్లగా వంచండి. బిగుసుకున్నట్టు అనిపిస్తే మళ్ళీ ముంచండి, బలవంతం చేస్తే పుటుక్కున విరుగుతుంది.

3. చాలామంది వదిలేసేది ఇదే. కాలు నిటారుగా వచ్చాక ఆగకుండా వెంట్రుకవాసి అవతలికి వంచి, అలాగే పట్టుకుని ఐసు నీళ్లలో పెట్టండి. పైన చల్లగా తగిలినా లోపల ఇంకా వేడి ఉంటుంది, అదే కాలును పాత వంపుకు లాగుతుంది. వేళ్లు తిమ్మిరెక్కినా సరే, ఐదు నిమిషాలు కదపకండి.

తర్వాత చదునైన గచ్చు మీద నిలబెట్టండి. ఆనవలసిన డెక్క కింద కాగితం దూరితే మరోసారి చేయాలి.

బీరువాను మాత్రం ఈరోజే ఆ కిటికీ దగ్గర నుంచి జరపండి.