ద్రవ స్ఫటికాల పరిశోధనా? డేటా సైన్సా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరంలో ఉంది. ద్రవ స్ఫటికాల ప్రవాహం, స్థితిస్థాపకతలపై సిద్ధాంత పరిశోధన చేస్తానంటోంది. ఎల్‌సీడీ టీవీలే పాతబడిపోతుంటే ఈ చదువెందుకు? మేం డేటా సైన్స్ కోర్సు చేయమంటున్నాం. రెండింటినీ పోల్చి చెప్పండి. సంబంధాల వాళ్లకు ఏం చెప్పాలో కూడా తోచడం లేదు.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: టీవీలతో మొదలుపెట్టి సంబంధాల దగ్గర తేలారు. మీ దిగులంతా ఆ చివరి వాక్యంలోనే ఉంది. పరిశోధక విద్యార్థులకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. ఆమె తన ఖర్చు తాను చూసుకుంటుంది. అడిగినవాళ్లకు ఆ మాటే చెప్పండి. కూతురి చదువుకు పక్కింటివాళ్ల ఆమోదం కోరడం ఇకనైనా మానండి.

ఇంట్లో పాత ఎల్‌సీడీ మానిటర్ ఉంటే తెరను వేలితో మెల్లగా నొక్కండి. రంగులు చెదిరి, వేలు తీయగానే సర్దుకుంటాయి. చెదరడంలో ప్రవాహం ఉంది, సర్దుకోవడంలో స్థితిస్థాపకత ఉంది. ద్రవంలా పారుతూనే స్ఫటికంలా వరుస పాటించే పదార్థమే ద్రవ స్ఫటికం. అందులోని కడ్డీల్లాంటి అణువుల వరుసను విప్పార్చినా, మెలిపెట్టినా, వంచినా అది ఎదురు తిరుగుతుంది. దీన్ని ప్రవాహంతో కలిపి 1960లలో ఎరిక్సెన్, లెస్లీ అనే శాస్త్రవేత్తలు సమీకరణాలు కట్టారు. తెరలోని ద్రవ స్ఫటికపు పొర మందాన్ని సగం చేస్తే అణువులు సర్దుకునే సమయం నాలుగో వంతుకు తగ్గుతుందని చెప్పేది ఈ లెక్కలే. టీవీ మారినంత మాత్రాన ఇవి చెల్లకుండా పోవు. బ్యాక్టీరియా గుంపుల కదలికకు ఇలాంటి సమీకరణాలనే 2002లో భౌతిక శాస్త్రవేత్తలు అదితి సింహా, శ్రీరామ్ రామస్వామి విస్తరించారు. అదీ బెంగళూరులో కూర్చుని.

ఇక డేటా సైన్స్. ఆరు నెలల సర్టిఫికెట్‌తో నా దగ్గరకు వచ్చినవారిలో సగటుకీ మధ్యగతానికీ తేడా చెప్పలేక తడబడినవారిని చాలామందిని చూశాను. ఆ రంగం మీద నాకు కోపం లేదు, ఆ కోర్సులు అమ్మే తీరు మీదే అనుమానం. అవకలన సమీకరణాలను కంప్యూటర్‌తో సాధించే అమ్మాయి ప్రోగ్రామింగ్ ఎలాగూ నేర్చుకుంటుంది. రేపు మనసు మారినా ఆ దారి తెరిచే ఉంటుంది. అటు నుంచి ఇటు రావడమే కష్టం. అయితే సిద్ధాంత పరిశోధనలో అధ్యాపక ఉద్యోగాలు తక్కువ, నిరీక్షణ ఎక్కువ. ఆ సంగతి ఆమెకు ముందే తెలియాలి.

ఒక పని చేయించండి. ఎంత విద్యుత్ క్షేత్రం దగ్గర అణువులు తిరగడం మొదలవుతుందో చెప్పే ఫ్రెడరిక్స్ అవధిని ఒక ఆదివారం ఆమెను సొంతంగా రాబట్టమనండి. సాయంత్రానికి విసుగు పుట్టకపోతే దరఖాస్తు పెట్టమనండి. ఆ ఆదివారం మాత్రం సంబంధాల వాళ్లను పిలవకండి.