మెడపూసలకు స్క్రూలు బిగిస్తే తల తిప్పగలరా?

ప్రశ్న: మా అమ్మకు 52 ఏళ్లు. చాలాకాలంగా కీళ్లవాతానికి మందులు వాడుతోంది. ఈమధ్య జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతోంది, నడుస్తుంటే తూలుతోంది. మెడలో పైనున్న రెండు పూసల అమరిక తప్పిందని, స్క్రూలు, రాడ్లతో బిగించాలని డాక్టరుగారు చెప్పారు. ఆ తర్వాత తల తిప్పగలదా? ఆ లోహాన్ని ఎప్పటికైనా తీయించాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చేతివేళ్ల పట్టు తప్పడం, నడక తూలడం వెన్నుపాము నలుగుతోందనడానికి గుర్తులు కాబట్టి, దయచేసి ఆపరేషన్‌ను వాయిదా వేయకండి. రెండో పూస నుంచి పైకి పొడుచుకు వచ్చిన ఎముకను మొదటి పూసకు ఆనించి ఉంచే లిగమెంటును కీళ్లవాతం దెబ్బతీస్తుంది. అప్పుడు తల వంచినప్పుడల్లా పై పూస ముందుకు జారి, వెన్నుపాముకు చోటు ఇరుకవుతుంది.

ఒకప్పుడు ఈ పూసలను తీగలతో కట్టి, నెలల తరబడి మెడను బయటినుంచి కదలకుండా ఉంచేవారు. ముంబై కేఈఎం ఆసుపత్రి న్యూరోసర్జన్ అతుల్ గోయల్, రెండు పూసల్లోకీ విడివిడిగా స్క్రూలు దించి వాటిని ప్లేటుతో కలిపే పద్ధతిని 1994లో ప్రచురించారు. 2001లో జర్మనీకి చెందిన యూర్గెన్ హార్మ్స్ ప్లేటుకు బదులు రాడ్డును, పై కొస అటూఇటూ తిరిగే స్క్రూలను వాడిన తీరును వివరించారు. మీ డాక్టరుగారు చెప్పింది బహుశా ఈ కోవకు చెందినదే. సాధారణంగా 3.5 మి.మీ. మందం ఉండే ఆ స్క్రూల దారి పక్కనే మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని ఉంటుంది. అది వెళ్లే తీరు అందరిలో ఒకేలా ఉండదు కనుక ముందుగా సీటీ యాంజియోగ్రామ్ తీయడం మంచిది. అది తీశారో లేదో తప్పక అడగండి.

తలను కుడిఎడమలకు తిప్పే కదలికలో దాదాపు సగం ఈ రెండు పూసల మధ్యే జరుగుతుంది, ఆపరేషన్ తర్వాత ఆ సగం పోతుంది. కింది పూసల వల్ల మిగతా కదలిక ఉంటుంది కాబట్టి అమ్మగారు తల తిప్పగలరు, పూర్తిగా పక్కకు చూడాలంటే మాత్రం భుజాలతో సహా తిరగాలి. తల వెనుక భాగంలో కొంత తిమ్మిరి మిగలవచ్చు. ఇప్పటికే తగ్గిన చేతిపట్టు ఎంతవరకు తిరిగి వస్తుందో ముందుగా చెప్పలేం. ఇంకా దిగజారకుండా ఆపడమే ఈ చికిత్స మొదటి లక్ష్యం.

లోహం పని పూసలను కదలకుండా పట్టి ఉంచడం వరకే. మధ్యలో పెట్టిన ఎముక ముక్క, చాలాసార్లు తుంటి నుంచి తీసినది, కొన్ని నెలల్లో రెండు పూసలనూ ఒకటిగా అతికిస్తుంది. అతకకపోతే ఎంత మంచి స్క్రూ అయినా చివరికి వదులవుతుంది, లేదా విరుగుతుంది. కొన్ని మందులు ఆ అతుకుకు అడ్డు రావచ్చు, అందుకే స్టెరాయిడ్లతో సహా అమ్మగారు వాడే మందులన్నీ సర్జన్‌కు చూపించి, వేటిని ఆపాలో, వేటిని కొనసాగించాలో ఆయన, కీళ్లవాతం డాక్టరు కలిసి నిర్ణయించేలా చూడండి. ఇన్ఫెక్షన్ వస్తేనో, స్క్రూ వదులైతేనో తప్ప లోహాన్ని తీయరు. ఇప్పుడు ఎక్కువగా వాడే టైటానియంను అయస్కాంతం లాగదు కాబట్టి తర్వాత ఎంఆర్‌ఐ తీయించుకోవచ్చు, ఆ చుట్టుపక్కల చిత్రం కొంత మసకబారుతుంది, అంతే. ఇంప్లాంట్ వివరాలున్న స్టిక్కర్లను డిశ్చార్జి కాగితాలతో భద్రపరచండి.

ఆపరేషన్ అయ్యేదాకా మెడ పట్టేవాళ్ల దగ్గరకు, మసాజ్‌కు ఎట్టి పరిస్థితిలోనూ తీసుకెళ్లకండి. ఈలోగా పన్ను, కన్ను వంటి మరే చికిత్సకు వెళ్లినా, మత్తు ఇచ్చే డాక్టరుకు మెడ సంగతి ముందే చెప్పండి. శ్వాసగొట్టం వేయడానికి తలను వెనక్కి వంచడం అమ్మగారికి ప్రమాదకరం.