హైదరాబాద్ చలికి మిద్దె మీది మొక్కల్ని ఎప్పుడు లోపల పెట్టాలి?

నిజాంపేటలో ఐదంతస్తుల మీద మిద్దె తోట, నలభై కుండీలు, వాటిలో ఆంథూరియం, అగ్లోనిమా, రెండు ఫలనాప్సిస్ ఆర్కిడ్లు, ఒక తమలపాకు తీగ ఉన్నాయని మీరు రాశారు. నవంబరు రాగానే అన్నీ హాల్లోకి తెచ్చేయాలా, లేక పక్కింటివాళ్ళు అన్నట్టు "మన ఊళ్ళో చలేంటండీ" అని వదిలేయాలా అని అడిగారు. రెండూ వద్దు. వదిలేసి ఒక తీగని పోగొట్టుకున్నదాన్ని, మరుసటి ఏడు అన్నీ లోపలికి తెచ్చి ఇంకొన్నిటిని పాడుచేసుకున్నదాన్ని. అందుకే వివరంగా రాస్తున్నాను.

మేము పదకొండేళ్ళు హిమాయత్‌నగర్‌లో అద్దెకున్నాం. అక్కడ ఏ చలికాలంలోనూ ఒక్క కుండీ కదపలేదు. తర్వాత ఊరి అంచున ఉన్న అమీన్‌పూర్ వచ్చాం. మా అత్తగారు పొన్నూరు దగ్గర వాళ్ళ ఊరి నుంచి తమలపాకు తీగ ముక్కని తడిగుడ్డలో చుట్టి బస్సులో తెచ్చారు. వానాకాలం అంతా అది పందిరి పట్టుకుని మనిషి ఎత్తు పాకింది. డిసెంబరులో ఒక రాత్రి టీవీలో నగరంలో 14 డిగ్రీలన్నారు, నేను నిశ్చింతగా పడుకున్నాను. పొద్దున వెళ్ళి చూస్తే పై ఆకులన్నీ వేడినీళ్ళలో ముంచి తీసినట్టున్నాయి. ముదురాకుపచ్చగా, తడితడిగా, వెలుతురుకి పెడితే అవతల వేళ్ళు కనిపించేంత పలచగా. ఎండెక్కేసరికి వేలాడిపోయాయి. దాహం వేసి వాడిందనుకుని రోజూ చెంబెడు నీళ్ళు పోశాను. నాలుగో రోజుకి ఆకుల అంచులు నల్లబడ్డాయి, వారానికి కణుపులు మెత్తబడ్డాయి. అత్తగారు కుండీలో వేలు పెట్టి చూసి, "ఇంత చల్లటి బురదలో నువ్వు కాళ్ళు పెట్టుకుని నిలబడగలవా అమ్మా" అన్నారు. ఆకుల్ని చలి పాడుచేసింది, వేరుని మాత్రం నేను పోసిన నీళ్ళే కుళ్ళబెట్టాయి.

ఆ తర్వాత చేసిన మొదటి పని, కనిష్ఠం, గరిష్ఠం రెండూ చూపించే చిన్న థర్మామీటర్ కొనడం. గోడకి కాకుండా, కుండీల ఎత్తులో ఒక కర్రకి కట్టాను. టీవీలో చెప్పే అంకెకీ నా మిద్దె మీద అంకెకీ చాలా రాత్రులు మూడు నాలుగు డిగ్రీల తేడా ఉండేది. సాధారణంగా హైదరాబాద్ అని చెప్పేది బేగంపేట వాతావరణ కేంద్రం లెక్క. చుట్టూ కాంక్రీటు, తారు రోడ్లు, పగటి వేడిని రాత్రంతా వదులుతూనే ఉంటాయి. పటాన్‌చెరు, రాజేంద్రనగర్, గచ్చిబౌలిలో యూనివర్సిటీ వైపు ఖాళీ నేల ఎక్కువ కాబట్టి అవి ఎప్పుడూ ఇంకా కిందికే పడతాయి. బేగంపేట లెక్కల్లో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ 1946 జనవరి నాటి 6.1 డిగ్రీలు. మంచు గడ్డకట్టే ఊరు కాదు మనది, నిజమే. కానీ ఆంథూరియం, తమలపాకు లాంటివి వెచ్చని అడవుల నీడలో పుట్టినవి. గడ్డకట్టక్కర్లేదు, 10 డిగ్రీల దగ్గర రెండు మూడు రాత్రులు గడిస్తే చాలు, వాటి ఆకులు లోపల్లోపల దెబ్బతింటాయి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. డిసెంబరులో ఒక పొద్దున కింద పార్కింగ్‌లోకి వెళ్ళి చూడండి. ఆరుబయట పెట్టిన స్కూటర్ సీటు మంచుకి తడిసి ముద్దయి ఉంటుంది. పక్కనే రేకుల కింద ఉన్న స్కూటర్ సీటు పొడిగా ఉంటుంది. రెండూ ఉన్నది ఒకే గాలిలో. మబ్బు లేని, గాలి లేని రాత్రి ఆకాశం కింద ఉన్న ప్రతి వస్తువూ తన వేడిని పైకి వదిలేసి, చుట్టూ గాలి కంటే ఇంకా చల్లబడిపోతుంది. ఆకులూ అంతే. నెత్తిన ఏదైనా అడ్డం ఉంటే ఆ వేడి అంతగా పోదు. కాబట్టి మీ మొక్కలకి మొదట కావలసింది హాలు కాదు, నెత్తి మీద నీడ. మెట్ల గది సజ్జ కింద, నీళ్ళ ట్యాంకు దిమ్మె కింద, అదీ లేకపోతే షేడ్‌నెట్ రెండు మడతలు వేసి కట్టిన పందిరి కింద. అందులోనూ పడమటి ఎండ పడే గోడ పక్కన చోటుంటే అదే మంచిది. రాత్రి తొమ్మిదింటికి ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, ఇంకా గోరువెచ్చగా ఉంటుంది.

ఎప్పుడు అంటారా, నేను తేదీ పెట్టుకోను. నా థర్మామీటర్‌లో వరసగా మూడు రాత్రులు 15 కిందికి వస్తే ఈ నాలుగైదు రకాల్ని సజ్జ కిందికి జరుపుతాను. 12 కి వస్తే రాత్రికి మాత్రం గదిలోకి, పొద్దున ఎనిమిదిన్నరకి మళ్ళీ బయటికి. ఇంకో గుర్తు కూడా ఉంది. నవంబరు, డిసెంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్నన్నాళ్ళూ మన దగ్గర మబ్బు పట్టి రాత్రుళ్ళు వెచ్చగానే ఉంటాయి. అది దాటిపోయి, ఆకాశం కడిగినట్టు తేలి, ఉత్తరం నుంచి పొడిగాలి మొదలైన రెండో రాత్రో మూడో రాత్రో పాదరసం ఒక్కసారిగా పడిపోతుంది. మబ్బు విడిపోయిన సాయంత్రమే నేను కుండీలు జరిపేస్తాను, అంకె కోసం ఆగను.

తొందరపడి ముందే లోపల పెట్టొద్దని చెప్పడానికి మీ ఆర్కిడ్లే కారణం. ఫలనాప్సిస్‌కి కొన్ని వారాలు కాస్త చల్లటి రాత్రులు తగిలితేనే పూకాడ వేస్తుంది. నవంబరులో 17, 18 డిగ్రీల రాత్రులు దానికి మేలే చేస్తాయి. హాల్లో వెచ్చగా దాచిపెడితే ఆకులు బాగుంటాయి కానీ పూలుండవు.

రెండో ఏడు భయపడి ముప్పై కుండీలు హాల్లో పెట్టానన్నాను కదా. పదిహేను రోజులకి క్రోటన్ ఆకులన్నీ రాల్చేసింది, అగ్లోనిమా ఆకుల అడుగున ఎర్రనల్లి, ఆంథూరియం మొదళ్ళలో పిండినల్లి. బయట వెలుతురుకి అలవాటు పడ్డ మొక్కకి మన హాలు వెలుతురు చాలదు, గాలి ఆడక పురుగు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది. కాబట్టి తెచ్చేముందు ప్రతి ఆకూ తిప్పి చూడండి. అనుమానం ఉంటే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి చల్లి, రెండు రోజులు విడిగా ఉంచి అప్పుడు తెండి. కిటికీ పక్కనే పెట్టండి.

నీళ్ళ విషయంలో దయచేసి చెయ్యి బిగపట్టండి. పై మట్టి వేలి కణుపు లోతు ఆరాకే పొయ్యండి, అదీ పొద్దున పదింటికి, ట్యాంకు నీళ్ళ చల్లదనం విరిగాక. సాయంత్రం అస్సలు వద్దు. కుండీల కింద రెండేసి ఇటుక ముక్కలు పెడితే నీరు నిలవదు. ఎరువు సంక్రాంతి దాటేదాకా ఆపేయండి. చలికి కరివేపాకు ఆకు రాల్చి ఎదుగుదల ఆపుతుంది, చచ్చిపోతోందని యూరియా వేసి నిజంగానే చంపేసినవాళ్ళని మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరిని చూశాను. దాన్ని ఊరికే వదిలేయండి, మార్చిలో చిగురిస్తుంది. ఎడారి గులాబీ అనే అడీనియం ఉంటే దానికి పది పన్నెండు రోజులకోసారి నీళ్ళు చాలు.

కోటలో ఉన్న తులసిని కదపలేం. నాలుగు కర్రలు గుచ్చి పాత నూలు పంచె కప్పుతాను, గుడ్డ ఆకులకి తగలకుండా. ప్లాస్టిక్ కవరు కప్పొద్దు, లోపల చెమట పట్టి ఆకులు నల్లబడతాయి, పొద్దున తీయడం మరిచిపోతే ఉడికిపోతుంది. గింజ కంకులు ఎప్పటికప్పుడు తుంచేస్తే మొక్క బలం ఆకుల్లోనే ఉంటుంది.

మిగతా ముప్పై అయిదింటి గురించి టెన్షన్ పడకండి. గులాబీ, చామంతి, బంతి, కొత్తిమీర, మెంతి, పాలకూర, క్యాబేజీ ఈ చలిలోనే బాగా వస్తాయి. వాటికి ఆరుబయటే ఇల్లు. మల్లె ఇప్పుడు నిద్రపోతుంది, నీళ్ళు తగ్గించి జనవరిలో కొమ్మలు కత్తిరించండి. కొత్తగా పోసిన టమాట, మిర్చి నారు ఉంటే మాత్రం దాన్ని కూడా సజ్జ కిందే ఉంచండి.

తిరిగి బయట పెట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. చలి శివరాత్రికి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు, కానీ ఫిబ్రవరి మధ్యాహ్నం ఎండ అప్పటికే చురుక్కుమంటుంది. రెండు నెలలు నీడలో ఉన్న ఆకు ఒక్క రోజులో తెల్లగా మాడిపోతుంది. మొదటి వారం పొద్దుటి ఎండ మాత్రమే, అదీ గంటసేపు, తర్వాత నెమ్మదిగా పెంచండి.

మీ మిద్దె ఐదో అంతస్తు పైన కాబట్టి గాలి కూడా ఎక్కువే ఉంటుంది. తమలపాకు తీగకి ఉత్తరం వైపు ఒక గోనెపట్టా అడ్డం కట్టండి. పందిరితో సహా జరపడం కష్టమైతే ఇప్పుడే రెండు కణుపుల ముక్కలు మూడు కోసి, చిన్న కుండీల్లో నాటి వంటింటి కిటికీలో ఉంచండి. నేను రెండోసారి తెప్పించుకున్న తీగ నుంచి అలా తీసిన మొక్కలే ఇప్పుడు మా మెట్ల గది పక్కన పాకుతున్నాయి.