రిటైరైన సీఐ తన కేసును క్రైమ్ నవలగా రాయడం ఎలా?

ప్రశ్న ఇది: సీఐగా రిటైరయ్యాను, పాత హత్య కేసొకటి నవలగా రాస్తున్నాను. వంద పేజీలయ్యాయి, చదివితే రిపోర్టులా ఉంది. చట్టపరంగా చిక్కులేమైనా వస్తాయా?

రిపోర్టులా ఉండటానికి మొదటి కారణం వరుస. సీడీ ఫైల్లో (కేసు డైరీలో) ఐఓకి, అంటే దర్యాప్తు అధికారికి, తెలిసిన క్రమంలోనే అన్నీ ఉంటాయి. నవలలో ఏది ఎప్పుడు తెలియాలో మీరే తేల్చుకోవాలి. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి: తేదీ, నిజంగా జరిగింది, ఐఓకి తెలిసింది, పాఠకుడికి తెలిసింది. చివరి రెండు గడులు ప్రతి వరుసలోనూ ఒకేలా ఉంటే ఉత్కంఠ పుట్టదు. కొన్నిచోట్ల పాఠకుడు ఐఓ కంటే ముందుండాలి, కొన్నిచోట్ల వెనకుండాలి.

భాష రెండోది. "సదరు మృతురాలి భర్త రాత్రి సుమారు 10 గంటల సమయంలో ఇంటికి వచ్చి తలుపు కొట్టగా" అని చెయ్యి తనంతట తానే రాసేస్తుంది. "మూడోసారి తలుపు కొట్టాకే లోపల లైటు వెలుగుతోందని గమనించాడు" అంటే మనం గుమ్మం ముందు నిలబడతాం. 'సదరు', 'సుమారు', 'పరిశీలించగా' వెతికి తీసేస్తే సగం పని అవుతుంది. మనుషుల్నీ తగ్గించండి. నిజం కేసులో స్టేషన్ రైటర్, ఎస్సై, డీఎస్పీ, క్లూస్ టీం, డాగ్ స్క్వాడ్ అందరూ ఉంటారు. నవలకు ముగ్గురు చాలు.

మీ అసలు బలం వేరేచోట ఉంది. ముద్దాయి పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, ఆ మాటల వల్ల కత్తో నగో దొరికితే అంతవరకే చెల్లుతుంది. ఆ రికవరీకి సంతకం పెట్టిన ఇద్దరు పంచులు (సాక్షులు) విచారణలో హోస్టైల్ అయితే, అంటే మాట మారిస్తే? హత్య కేసులో రిమాండైన నాటి నుంచి 90 రోజుల్లో ఛార్జిషీట్ పడకపోతే ముద్దాయికి బెయిల్ హక్కవుతుంది. ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు మాత్రం ఇంకా రాలేదు. హంతకుడెవరో మొదటి అధ్యాయంలోనే చెప్పేసినా ఈ గడువు ఒక్కటే నవలను నడిపించగలదు. బయటి రచయితలకు ఇది తట్టదు. వాళ్ల కథ అరెస్టుతో ఆగిపోతుంది.

కాలం తప్పులు మాత్రం మీవాళ్లే ముందు పట్టేస్తారు. నేరం 2024 జూలై 1కి ముందు జరిగితే హత్యకు ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 302, ఆ రోజునుంచీ అయితే దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103. పాత నేరానికి ఆ తర్వాత ఎఫ్ఐఆర్ అయితే సెక్షన్ ఐపీసీదే, దర్యాప్తు మాత్రం బీఎన్ఎస్ఎస్ (దర్యాప్తు, విచారణ పద్ధతుల కొత్త చట్టం) ప్రకారం. 1984లో కరణం, మునసబు పదవులు పోయాయి. తెలంగాణలో 2020లో వీఆర్వోలూ (గ్రామ రెవెన్యూ అధికారులు) పోయారు, కాబట్టి 2021 నాటి అక్కడి కథలో వీఆర్వోను పంచుగా కూర్చోబెట్టొద్దు.

చట్టం సంగతి. లైంగిక నేరాల బాధితురాలి పేరే కాదు, ఆమెను గుర్తుపట్టే వివరం ఏది వేసినా బీఎన్ఎస్ 72 కింద రెండేళ్ల వరకు జైలు. ఆమె చనిపోయినా రక్షణ ఉంటుంది. ఊరు, వృత్తి, కుటుంబం మూడూ మార్చండి, పేరొక్కటి మారిస్తే చాలదు. చనిపోయినవారి మీద రాసినా పరువునష్టం వర్తించొచ్చు. అప్పీలు నడుస్తున్న కేసు జోలికి వెళ్లొద్దు. ఇన్‌ఫార్మర్ల విషయంలో నా మాట గట్టిగా వినండి: ఆ మనిషిని పూర్తిగా కల్పించండి, నిజం మనిషి ఛాయ కూడా వద్దు, ఎందుకంటే ఆయన ఇంకా ఆ ఊళ్లోనే ఉంటాడు. అధికార రహస్యాల చట్టం రిటైరయ్యాకా వర్తిస్తుంది. ఐబీ, సీఆర్‌పీఎఫ్ లాంటి కేంద్ర సంస్థల్లో రిటైరైనవారు సంస్థ పనికి సంబంధించింది ప్రచురించాలంటే ముందస్తు అనుమతి కావాలని 2021లో పింఛను నిబంధన మార్చారు.

యూనికోడ్‌లో టైపు చేయండి. డీటీపీ వాళ్లు 'అను' అనే యూనికోడ్ కాని ఫాంట్లలోకి మార్చినప్పుడు ఒత్తులు చెదురుతాయి, కాబట్టి ప్రూఫు ఆ తర్వాతే చూడాలి. ఐఎస్‌బీఎన్‌కు (పుస్తకం గుర్తింపు సంఖ్యకు) డబ్బు కట్టక్కర్లేదు, ప్రభుత్వ పోర్టల్‌లో మీరే తీసుకోవచ్చు.